లీమా పత్రము : సంస్కారపదములు, సంఘైక్యము

క్రైస్తవసంఘముల యైక్యమును గూర్చిన చర్చలు వేదాంతులకే గాక భాషాపరిశోధకులకును పరిశీలింపదగినవి. ఆ చర్చలలో వివాదము పలుమాఱు ఒక పదము చుట్టును తిరిగినది. సంధి కుదిరినపుడును ఒక పదము మూలముననే కుదిరినది. 1529వ సంవత్సరమున మార్‌బర్గు నగరమున లూథరును, జ్వింగ్లియు సమావేశమై పదునైదంశములను చర్చించిరి. పదునాలుగింట ఏకీభవించిరి. పదునైదవది ప్రభుభోజనమును గూర్చినది. అందును చాలవఱకు ఒక్కమాటయై, క్రీస్తుశరీరము రొట్టెయందు ఏ విధముగా నున్నదను ఒక్క విషయమున విడిపోయిరి. క్రీస్తు రొట్టెను చూపి పలికిన వాక్యములోని క్రియాపదమునకు 'అగుట' యను నర్థమే గ్రాహ్యమని లూథరు వాదము. 'సూచించుట' యని గ్రహింపవలెనని జ్వింగ్లి వాదము. తెలుగువారికి ఇందొక విశేషము తోపకపోదు. మన భాషలో ఇట్టి వాక్యమునకు క్రియాపదమే యక్కఱలేదు. ఉద్దేశ్యవిధేయములు ప్రక్కప్రక్కన నిలిచిన చాలును, వాక్యము పూర్ణమగును. క్రీస్తు మాటలాడిన అరమేయిక భాషయు అట్టిదే యని పండితులు చెప్పుదురు. కావున ఐరోపా సంఘములను చీల్చిన యా క్రియాపదము మూలవాక్యమున బహుశః లేనే లేదు. అంతమాత్రమున వివాదము వట్టిదని మా యభిప్రాయము కాదు. పదము లేకున్నను పదార్థమును గూర్చిన ప్రశ్న నిలిచియే యున్నది. అసలు ప్రశ్న యేది, పదమువలన గలిగిన చిక్కేది యని విడదీసి చూచుట విమర్శకుని పని.

ఈ వ్యాసమున మేము 1982 జనవరిలో పెరూదేశపు రాజధాని లీమానగరమున ఆమోదింపబడిన 'బాప్తిస్మము, ప్రభుభోజనము, పరిచర్య' యను పత్రమును ఒక రచనగా గైకొని, దాని పదప్రయోగమును పరిశీలింపదలచితిమి. మా నిర్ణయమును మొదటనే చెప్పుదుము. వివాదముకంటె ప్రాచీనమైన పదము దొరకినచోట ఈ పత్రము సంఘములను నిజముగా దగ్గఱకు చేర్చినది. కాని సంస్కారము 'ఏమి' యను ప్రశ్నకు పదము సమాధానము చెప్పగలిగినట్లు, దానిని జరుపువాడు 'ఎవడు' అను ప్రశ్నకు చెప్పజాలదు. అందువలననే ఒక్క బాప్తిస్మము నంగీకరించినవారు సయితము నేటికిని ఒక్క బల్లయొద్ద కూడలేకున్నారు.

పత్రచరిత్రమును సంగ్రహముగ తెలిసికొనుట యవసరము. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభ పిమ్మట, విశ్వాసమునందును సంఘవ్యవస్థయందును గల భేదములను విచారించుటకు ప్రత్యేకోద్యమ మొకటి బయలుదేరి, 1927లో లోజాను నగరమున మొదటి మహాసభ జరిపెను. 1948లో ఆమ్‌స్టర్‌డాములో ప్రపంచ సంఘముల సమాఖ్య ఏర్పడగా ఈ యుద్యమ మందొక శాఖ యయ్యెను. ఆ సమాఖ్య మూడవ మహాసభ 1961లో మన న్యూఢిల్లీలోనే జరిగినది. ప్రతిస్థలమందలి క్రైస్తవులందఱును ఒక్క బాప్తిస్మమునను, ఒక్క రొట్టెయందును కూడియుండుటయే ఐక్యమని అచ్చట నిర్వచింపబడినది. రోమను కథోలిక సంఘము సమాఖ్యలో సభ్యత్వము పొందలేదు. అయినను 1968 నుండి దాని వేదాంతులు ఈ శాఖలో పూర్ణసభ్యులుగ నున్నారు. 1974లో ఆక్రాలో ముసాయిదా తయారై, సంఘముల విమర్శలనుబట్టి సంస్కరింపబడి, ఎనిమిదేండ్లకు లీమాలో తుదిరూపము దాల్చినది. దానిపై సంఘము లిచ్చిన యుత్తరములు 1986 మొదలు 1988 వఱకు ఆఱు సంపుటములుగ వెలువడినవి.

పత్రము చిన్నది. బాప్తిస్మమునకు 23, ప్రభుభోజనమునకు 33, పరిచర్యకు 55 పేరాలు కలవు. అంగీకృతమైనది మూలమున నుండును. తేలనిది ప్రక్కన వ్యాఖ్యగ నుండును. ఈ కూర్పు గమనింపదగినది. మన శాస్త్రగ్రంథములలో వ్యాఖ్య మూలమును విశదీకరించును. ఇందలి వ్యాఖ్య మూలమునకు లోబడని భేదములను దాచక చూపును. పరిచర్యాభాగము మిగిలిన రెండింటికంటె దీర్ఘమగుటయు ఊరక జరిగినది కాదు. చిక్కు ఎక్కువయున్నచోట మాట ఎక్కువయైనది.

మొదట బాప్తిస్మమును చూతము. తలపై నీరు పోయుటా, నీట ముంచుటా? శిశువులకా, స్వయముగ విశ్వాసమును ప్రకటించినవారికి మాత్రమా? ఈ ప్రశ్నలు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. 1842లో గుంటూరు చేరిన హయ్యరు స్థాపించిన లూథరను సంఘము శిశువులకు బాప్తిస్మ మిచ్చునది. ఆ చేరువనే ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్తిస్టు మిషను వారు విశ్వసించినవారిని మాత్రమే నీట ముంచెడివారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పొరుగుపొరుగునే రెండాచారములు పెరిగినవి. ఒకచోట శైశవమున బాప్తిస్మము పొందినవాడు వేఱొకచోటికి పోయి సభ్యత్వము కోరినచో మరల మునుగవలెనా యను ప్రశ్న కుటుంబములలోనికి వచ్చినది.

లీమా పత్రము దీనిని నేర్పుగ పరిష్కరింపజూచినది. క్రీస్తు మరణపునరుత్థానములలో పాలుపొందుట, పాపక్షాళనము, ఆత్మవరము, క్రీస్తుశరీరమున చేరుట, రాబోవు రాజ్యమునకు గుఱుతు అని బాప్తిస్మమునకు ఐదర్థములను మొదట చెప్పి, వయోవిషయమును తరువాతికి నెట్టినది. అర్థమున ఏకీభవించినవారికి కాలభేదము స్వల్పముగ తోచునని దాని యాశ. శిశుబాప్తిస్మమునందును విశ్వాసము సంఘమందున్నది, పిదప ఆ శిశువునందు పెరుగవలసినది. పెద్దల బాప్తిస్మమునందును దేవుని యనుగ్రహమే ముందున్నది. కావున రెండును ఒకే మార్గమున రెండు మజిలీలని దాని వాదము. ఇంతవఱకు వాదము బలవత్తరము. ఉత్తరభారత సంఘము 1970 నవంబరు 29న నాగపూరులో నేర్పడినపుడు, బాప్తిస్టులను చేర్చుకొని, రెండాచారములను ఒకే సంఘమున నిలుపుకొని ఈ మార్గము సాధ్యమని ముందే చూపియుండెను. 2007లో జర్మనీలోని మాగ్దెబూర్గున కథోలిక, ఆర్థడాక్సు, ప్రొటెస్టంటు సంఘములు పదునొకండు ఒండొరుల బాప్తిస్మమును గుర్తించుచు సంతకములు చేసినవి.

కాని పత్రమున ఒక్క విధివాక్యము దుర్బలము. బాప్తిస్మము పునరావృత్తి లేనిది గనుక పునర్బాప్తిస్మముగ తోచు నాచారమును మానవలెనని అది శాసించుచున్నది. బాప్తిస్టు ఇట్లడుగును: 'మొదటిది బాప్తిస్మమేయైనచో గదా రెండవది పునర్బాప్తిస్మము? మేము ఇచ్చునది మొదటిదే.' ఏది సాధ్యమో దానినే హేతువుగ గ్రహించుటను తార్కికులు సాధ్యసమమందురు. ఈ దోష మిచ్చట కలదని ఒప్పుకొనక తప్పదు. మాగ్దెబూర్గు సంతకములలో జర్మను బాప్తిస్టులు లేకుండుటకు గల కారణ మిదియే.

ఇక ప్రభుభోజనము. పత్రమునకు కీర్తి తెచ్చిన భాగమిది. రోమను కథోలికులు 1562లో ట్రెంటు మహాసభలో పూజ నిజమైన బలియని నిర్ణయించిరి. సంస్కరణవాదులు క్రీస్తు ఒక్కమాఱే బలియయ్యెను గనుక దానిని మరల జరుపుట యసంభవమనిరి. ఒకవైపు బలి, మఱియొకవైపు జ్ఞాపకము. నాలుగువందల యేండ్లు ఈ రెండు మాటలును ఎదురెదురుగ నిలిచినవి. ఇరువదవ శతాబ్దిలో పండితులు గ్రీకు నూతననిబంధనములోని 'అనామ్నేసిస్' అను పదమును మరల శోధించిరి. 1945లో గ్రెగరీ డిక్సును, 1959లో మాక్సు తురియానును వ్రాసిన గ్రంథములు ఈ శోధనలో ముఖ్యములు. ఈ పదమునకు వెనుక యూదుల పస్కాపండుగ కలదు. ఆ రాత్రి భుజించువాడు పూర్వులు ఐగుప్తును వీడిరని తలంచుకొనుటతో సరిపుచ్చడు. తానే వెడలివచ్చినట్లు భావించును. ఆ కార్యము గతించినది, మరల జరుగదు. అయినను దాని ఫలము నేడు భుజించువాని యెదుట నున్నది. ఈ యర్థమున 'అనామ్నేసిస్' అనునది పునర్బలి కాదు, వట్టి తలంపును కాదు. కలహమునకు ముందే పుట్టిన పదమగుటచే ఇరుపక్షములును ఓడిపోకుండ దానిని గ్రహింపగలిగినవి. ఆంగ్లికను-కథోలిక సంవాదమున 1971లో వెలువడిన విండ్సరు ప్రకటన ఈ పదమునే ఆధారముగ చేసికొన్నది; లీమా పత్రము దానిని సర్వసంఘములకును విస్తరించినది.

ఇచ్చట తెలుగు పండితుడు ఆగి యోచింపవలసియున్నది. మన క్రైస్తవులలో కథోలికులకు ఒక పదావళి, ప్రొటెస్టంటులకు మఱియొకటి వాడుకలో నున్నవి. మొదటివారికి జ్ఞానస్నానము, దివ్యబలిపూజ, సత్ప్రసాదము, గురువు, పీఠాధిపతి, శ్రీసభ. రెండవవారికి బాప్తిస్మము, ప్రభురాత్రిభోజనము, బల్ల, కాపరి, అధ్యక్షుడు, సంఘము. ఇవి కేవలము పర్యాయపదములని తలంచుట పొరపాటు. ప్రసాదమనగా దేవునికి నివేదింపబడి తిరిగి భక్తుని చేతికి వచ్చినది. ఆ మాట పలికినంతనే ముందొక యర్పణము జరిగినదని స్ఫురించును. బల్ల యనినను భోజనమనినను పిలిచినవాడును, వచ్చిన యతిథులును స్ఫురింతురు, అర్పణము స్ఫురింపదు. గురువు ఉపదేశాధికారము కలవాడు. కాపరి మందను మేపువాడు. ఐరోపాలో పదునాఱవ శతాబ్దిలో పుట్టిన కలహము మన దేశమున వాదరూపమున గాక పదరూపమున నిలిచినదని మేము తలంచుచున్నాము. కలహకారణ మెఱుగని పల్లెటూరి విశ్వాసి సయితము తాను వాడు మాటలోనే ఒక పక్షమును వహించుచున్నాడు.

ఈ రెండు పదావళులకును నడుమ నిలువగల తెలుగుమాట 'అనామ్నేసిస్'కు కలదా? వాడుకలో నున్న 'జ్ఞాపకము' చాలదు. జ్ఞాపకము చనిపోయినవారి యెడ చేయునది. అది గతమును గతముగనే యుంచును. 'స్మృతి' యందమా, న్యాయశాస్త్రము జ్ఞానమును స్మృతియనియు అనుభవమనియు రెండుగ విభజించినది. సంస్కారమాత్రమున పుట్టునది స్మృతి, దానికంటె భిన్నమైనది అనుభవము. 'అనామ్నేసిస్' అనుభవముకూడ నైన స్మృతిని కోరుచున్నది. న్యాయపరిభాషలో అది విరుద్ధము. వేదాంతమున మాత్రమొక దారి కలదు. రామానుజులు శ్రీభాష్యమున ధ్రువానుస్మృతిని చెప్పుచు, అది ప్రత్యక్షదర్శనముతో సమానాకారము గలదని నిరూపించిరి. స్మరణము దర్శనమగు నవస్థ మన సంప్రదాయమునకు తెలియనిది కాదని దీనివలన స్పష్టము. ఐనను ధ్రువానుస్మృతి ఉపాసకుని యాంతరసాధన. 'అనామ్నేసిస్' సంఘమంతయు కూడి, రొట్టెవిఱిచి, పాత్ర త్రాగి చేయు బాహ్యకర్మ. ఈ భేదమును మఱచి పదమును పదముతో నతికించుట కూడదు. మాకు తోచినంతలో ఏకపదముకంటె 'సన్నిధిస్మరణము' వంటి సమాసమును చేసి, దానికి ప్రార్థనక్రమమునందే అర్థమును నేర్పుట మేలు.

'సంస్కారము' అను మాటయు ఇట్లే విచార్యము. ధర్మశాస్త్రముల సంస్కారము మనుష్యుని ఒకానొక యోగ్యతకు చేర్చునది. ఉపనయనమువలె సామాన్యముగ ఒక్కమాఱే జరుగునది. బాప్తిస్మమున కీ మాట చక్కగ నతుకును. కాని వాడుకలో ప్రొటెస్టంటులు 'సంస్కారము తీసికొనుట' యనుచు ప్రభుభోజనమునకే దానిని రూఢము చేసిరి. ఒక్కమాఱు జరుగుదానికి గ్రీకుమాట నుంచుకొని, పలుమాఱు జరుగుదానికి ఒక్కమాఱు జరుగుదాని పేరు పెట్టుట విచిత్రము. ఈ విపర్యాసము తెలుగుపత్రములను వ్రాయువారు గమనింపవలసినది.

బలివిషయమున ఇంత నేర్పు చూపిన లీమా పత్రము, సన్నిధివిషయమున నిజాయితీ చూపినది. క్రీస్తుసన్నిధి సత్యమనియు, సజీవమనియు మూలమున చెప్పి, అది రొట్టెద్రాక్షారసములతో ఏ సంబంధము కలదను దానిని వ్యాఖ్యకు విడిచినది. మార్‌బర్గు ప్రశ్న చావలేదు. మూలమునుండి ప్రక్కకు జరిగినది. దీనిని కొందఱు మాటలగారడి యందురు. మేమట్లు తలంపము. ఒక ప్రశ్న ఐక్యమునకు అడ్డుగ నుండవలెనా, ఐక్యముననే చర్చింపదగునా యని యడుగుటయు ఒక సమాధానమే. 1973లో ఐరోపాలోని లూథరను, రిఫార్ముడు సంఘములు లాయెన్‌బర్గు నిబంధన నంగీకరించి ఇట్లే ఒక్క బల్లయొద్ద కూడినవి. మార్‌బర్గు నాటి చీలికకు 444 సంవత్సరములకు గదా ఆ శుభము!

ఇంక పరిచర్య. ఈ భాగమున పదశోధన యేల ఫలింపలేదో చూడవలెను. 1964 నవంబరు 21న వెలువడిన రెండవ వాటికను మహాసభ యైక్యశాసనము, బాప్తిస్మము క్రైస్తవులందఱకును ఐక్యబంధమని ప్రకటించినది. ఆ ప్రకరణముననే సంస్కరణమునుండి పుట్టిన సంఘములందు గురుపట్టాభిషేకసంస్కారముయొక్క 'దెఫెక్తుస్' కారణమున ప్రభుభోజనరహస్యముయొక్క పూర్ణస్వరూపము నిలువలేదనియు చెప్పినది. లాటినుభాషలో ఈ పదమునకు లేమి యనియు, లోపమనియు రెండర్థములు చెప్పవచ్చును. లేమి యన్నచో ఆ సంఘములందు పరిచర్యయే లేదు. లోపమన్నచో ఉన్నది, కాని వెలితిగ నున్నది. లేమిని భర్తీచేయవలెను; లోపమును సరిదిద్దవచ్చును. అనువాదకులును వేదాంతులును ఈ రెండర్థములనడుమ వాదించుచునే యున్నారు.

లీమా పత్రము దీనిని దాటుటకు 'గుఱుతు' అను మాటను ప్రయోగించినది. అపొస్తలుల పరంపర మొదట సంఘమంతటిది. బిషప్పుల పరంపర దానికి గుఱుతే గాని పూచీ కాదు. పరంపర లేని సంఘములు ఆ గుఱుతును తిరిగి గైకొనవలెను. ఉన్నవి తక్కినవారి పరిచర్యయందలి అపొస్తలత్వమును గుర్తింపవలెను. వినుటకిది న్యాయముగ నున్నది. కాని ఇచ్చట 'అనామ్నేసిస్' వంటి మేలు జరుగలేదు. ఆ పదము వివాదమునకు పూర్వపుది. 'గుఱుతు' వివాదమునకు మందుగ క్రొత్తగ చేసినది. 1987లో కథోలికసంఘ మిచ్చిన యుత్తరము ప్రభుభోజనభాగమును మిక్కిలి ప్రశంసించియు, పరిచర్యాభాగమున గుఱుతు అను మాట తమకు చాలదని తెలిపినది. స్త్రీలకు పట్టాభిషేకము చేయదగునా యను విషయమున పత్రము ఇరువాదములను నమోదుచేసి యూరకున్నది. ఈ ప్రశ్నలన్నియు అర్థమును గూర్చినవి కావు; అధికారమును గూర్చినవి. ఎవని చేతులమీదుగ పొందిన రొట్టె ప్రభుభోజనము? వ్యక్తిని పదముతో మార్చుట సాధ్యము కాదు.

దీనికి మాఱుగ మఱియొక మార్గము దక్షిణదేశమున లీమాకు ముప్పదియైదేండ్లకు ముందే త్రొక్కబడినది. 1919లో తరంగంబాడిలో కూడిన 33 మందిలో ఇద్దఱు దక్క అందఱును భారతీయులే. వారిలో ముందునిలిచినవాడు దోర్నకల్ అధ్యక్షుడు వేదనాయకం సామ్యూల్ అజరయ్య. ఐరోపావారి చీలికలను మేమేల మోయవలెనని వారి ప్రశ్న. ఇరువదియెనిమిదేండ్ల చర్చలపిమ్మట 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించినది. అజరయ్య 1945 జనవరి 1ననే దివంగతుడై, ఆ దినమును చూడలేకపోయెను. ఈ సంఘము పరిచర్యవిషయమున చేసిన సాహసము గొప్పది. బిషప్పుల పరంపరను స్వీకరించినది. ఇకపై పట్టాభిషేకములన్నియు బిషప్పులే చేయవలెనని నియమించినది. ఐనను పూర్వము వేఱువిధమున పట్టము పొందినవారిని మరల అభిషేకింపలేదు. ముప్పదియేండ్లు ఇరుతెగల పరిచారకులును సమానముగ సేవచేయుదురనియు, ఏ సంఘముమీదను దాని మనస్సాక్షికి వ్యతిరేకమైన పరిచారకుని రుద్దమనియు ప్రతిజ్ఞచేసినది.

దీనికి మూల్యమును చెల్లింపవలసివచ్చినది. 1948 లాంబెత్ మహాసభ ఈ సంఘముతో పూర్ణసహవాసమునకు సమ్మతింపలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు కొన్ని ఐక్యమున చేరక కొంతకాలము వేఱుగ నిలిచినవి. వారి సంశయమును చులుకన చేయరాదు. తరతరములుగ పవిత్రమని నేర్పినదానిని ఒక్కదినమున విడువుమనుట సులభము కాదు. అయినను కాలము ప్రతిజ్ఞను సార్థకము చేసినది. పట్టమును గూర్చిన సిద్ధాంతము తేలకముందే వారు కలిసి భుజించిరి. భుజించుచుండగనే ప్రశ్న సన్నగిల్లెను. 1950లో ఈ సంఘము కూర్చుకొన్న ప్రభుభోజనక్రమము అన్యదేశీయులకును ఆదర్శమయ్యెను. అందు మలబారు సురియానీ క్రైస్తవులనుండి గ్రహించి, సమాధానమును చేతినుండి చేతికి అందించు నాచారమును చేర్చిరి. ఏ నిర్వచనమును చేయలేని పనిని ఆ చేతులు చేసినవని చెప్పుట అతిశయోక్తి కాదు.

అట్లని దక్షిణమార్గమే సర్వత్ర శ్రేయమని మేము తీర్మానింపము. అది ప్రొటెస్టంటు, ఆంగ్లికను సంఘములను కలిపినది. కథోలికులతో గల యెడమును అది తాకలేదు. ఆర్థడాక్సులు విశ్వాసమున పూర్ణైక్యము లేక బల్లయందైక్యము అసత్యమగునని వాదింతురు. వారికి భోజనము ఐక్యమునకు సాధనము కాదు, ఫలము. ఇది కేవలము మొండితనము కాదు. సంస్కారమును ప్రయోజనార్థము వాడుకొనరాదను గౌరవబుద్ధి ఇందు కలదు. జర్మనీలో 2019న కొందఱు కథోలిక, ప్రొటెస్టంటు వేదాంతులు ఒండొరుల బల్లకు పోవుట న్యాయమని వ్రాసిన పత్రమునకు 2020లో రోమునుండి అభ్యంతరము వచ్చుటయు ఈ బుద్ధివలననే.

కావున లీమా పత్రమును గూర్చి మా నిర్ణయము రెండు ముఖములు కలది. మొదటి రెండు భాగములును పదశోధన సంఘసేవ కాగలదని నిరూపించినవి. పరిచర్యాభాగము పదశోధనకుగల యెల్లను చూపినది. ఒక యింట భర్త సత్ప్రసాదమునకును, భార్య బల్లకును వేఱువేఱు గుడులకు పోవునప్పుడు, ఇరువురి బాప్తిస్మమును ఒక్కటేయని పెద్దలు చెప్పుట వారికి సంతోషమును కలిగించును, దుఃఖమును తీర్పదు. ఆ దుఃఖమును తీర్చుట భాషాశాస్త్రజ్ఞుని చేతిలో లేదు. కాని అతనికి ఒక పని మిగిలియున్నది. సత్ప్రసాదమనువాడును, బల్ల యనువాడును ఒండొరుల మాటలోని యర్థమును తెలిసికొనునట్లు ఆ పదముల చరిత్రమును వ్రాయవలెను. మన క్రైస్తవవాఙ్మయమున ప్రార్థనక్రమములు, ప్రశ్నోత్తరములు, కీర్తనలు పరిశోధకుల దృష్టి చాలినంత పడక యున్నవి. ఈ రెండు పదావళులను ఎదురెదురుగ నుంచి ఒక నిఘంటువును కూర్చుటకు పరిశోధకవిద్యార్థులెవరైన పూనుకొందురేని, అది తెలుగునకును, ఐక్యమునకును సేవయే యగును.